కింది గుండీ నుంచి

జూన్ 3

చొక్కా వేసుకున్నాను. మళ్ళీ పడుకున్నాను.

జూన్ 4

ఆసుపత్రి నుంచి వచ్చాక నిన్ననే మొదటిసారి పెన్ను పట్టుకున్నాను. రాసింది ఒక్క ముక్క. ఇవాళ చూసుకుంటే నవ్వొచ్చింది. కాసేపటికి ఆ నవ్వూ పోయింది.

జ్వరం తగ్గింది. పోతూ పోతూ ఓపికని కూడా వెంటబెట్టుకుపోయింది. రక్తం బాగుంది, ఊపిరితిత్తులు బాగున్నాయి, కోలుకోవడానికి నెలలు పట్టొచ్చు, కంగారుపడొద్దు అన్నాడు డాక్టరు. నేను కంగారుపడలేదు. దానికీ ఓపిక కావాలి.

పొద్దున్న సంగతి. రాత్రి వేసుకున్న గౌను తీయడానికి చేతులు పైకెత్తాను. తల ఇంకా గౌనులో ఉండగానే చేతులు దిగిపోయాయి. ఆ గుడ్డ లోపలే కాసేపు కూర్చున్నాను. తర్వాత నీలం చొక్కా. గ్రంథాలయంలో ఉద్యోగానికి వేసుకెళ్ళేది. అన్నీ చిన్న చిన్న గుండీలు, మెడ దాకా. ఒకటి పెట్టడం, చేతులు ఒళ్ళో వేసుకోవడం, ఇంకొకటి పెట్టడం. ఆ తర్వాత స్కర్టు, దాని నాడా. ఒక మేజోడు. రెండో మేజోడు చేతిలో ఉండగానే పక్కకి ఒరిగిపోయాను.

అక్క వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏమే గుడ్లగూబా, ఒంటి మేజోడుతో ఎక్కడికి ప్రయాణం?"

"ఎక్కడికీ లేదు. బట్టలు మార్చుకున్నాను, అంతే."

"ఎక్కడికీ లేనప్పుడు గౌనులోనే ఉండొచ్చుగా?"

"ఉండను."

కాన్వెంటులో కుట్టు నేర్పే సిస్టర్ అనేది, గుండీలు సరిగ్గా పెట్టుకోని పిల్ల సగం చదివి బోర్లించిన పుస్తకంలా ఉంటుందని. అక్కకి ఆ మాట చెప్పలేదు. అక్క కాన్వెంటులో చదవలేదు. అమ్మ ఇద్దర్నీ చదివించలేకపోయింది, నన్ను చదివించింది. అక్క కళ్ళజోళ్ళ దుకాణంలో చేరింది.

"సరేలే," అంది అక్క రెండో మేజోడు తొడుగుతూ. "రేపట్నుంచి నేను తయారుచేస్తాను నిన్ను."

జూన్ 6

అక్క ముక్కాలిపీట లాక్కుని నా ముందు కూర్చుంటుంది. గుండీలు కింది నుంచి మొదలుపెడుతుంది. ఎందుకే అంటే, "పైనుంచి మొదలుపెడితే చివరికి నీ పొట్ట కనిపిస్తుంది. కింది నుంచి అయితే చివరికి నీ మొహం వస్తుంది," అంది.

కళ్ళజోళ్ళకి చీమ తలంత మరలు బిగించే వేళ్ళు. నా గుండీలు వాటికి ఒక లెక్కలోవి కావు. కానీ తొందరపడదు. మాట్లాడుతూ పెడుతుంది. దుకాణానికి ఎవరొచ్చారు, ఏమన్నారు, దుకాణం యజమాని పెద్దాయన ఎవరి మీద విసుక్కున్నాడు. సాయంత్రాలు అక్క మాట్లాడదు. పగలంతా దీపం కింద కూర్చుని కూర్చుని, ఇంటికొచ్చాక కళ్ళు మూసుకునే అన్నం తింటుంది. అమ్మ పోయాక ఈ ఇంట్లో మేమిద్దరమే. ఇన్నాళ్ళూ నేను పుస్తకంలో తలదూర్చి, తను కళ్ళు మూసుకుని గడిపేశాం. అక్కకి ఇన్ని కబుర్లు తెలుసని నాకు తెలియదు.

ఊరికే బొమ్మలా కూర్చోవడం నాకు నామోషీగా ఉంది. చొక్కా అంచు పట్టుకుంటాను. గుండీని వెనకనుంచి నెడతాను. అది కాజాలోంచి జారిపోతుంది.

"నువ్వు సాయం చెయ్యకపోతే త్వరగా అయిపోతుందమ్మా, తల్లీ," అంది అక్క.

అయినా చేశాను.

జూన్ 8

ఇవాళ కబురు: ఒక ముసలాయన అక్షరాల అట్టని కంఠస్థం పట్టేసి వచ్చాడట, కళ్ళజోడు అక్కర్లేదనిపించుకోవడానికి. గడగడా అప్పజెప్పేశాడట. అక్క అట్ట తిప్పేసి రెండో వైపు పెట్టిందట, ఆయన మళ్ళీ మొదటి వైపే చదివాడట.

నవ్వీ నవ్వీ పడుకున్నాను. మధ్యాహ్నం దాకా లేవలేదు. అయినా మంచి రోజే.

జూన్ 11

నర్సమ్మ వచ్చింది. వారానికోసారి ఇళ్ళకొచ్చి చూసివెళ్ళే నర్సు. నడుముకి పెద్ద తాళాల గుత్తి. ఒంటరిగా ఉండే రోగులు తలుపు తీయలేరని వాళ్ళ ఇంటి తాళాలన్నీ తన దగ్గరే పెట్టుకుంటుందట. ఆవిడ మెట్లెక్కుతుంటే జైలు గుర్తొస్తుంది. మనిషి మాత్రం అలా కాదు.

నా బీరువా తెరిచింది.

"ఇవేమిటమ్మాయ్, కోట గుమ్మాల్లాగా అన్నిటికీ ఇన్నేసి గడియలు? ఎవరొస్తారని?"

బీరువా మూసేసి నా వైపు తిరిగింది.

"పొద్దున్న లేచి బట్టలు వేసుకునేసరికి ఏమవుతోంది నీకు?"

"మళ్ళీ పడుకోవాలనిపిస్తుంది."

"మరి ఆ బట్టలు దేనికి, పడుకోవడానికా?"

నాకు తల కొట్టేసినట్టయింది. ఆవిడ పట్టించుకోలేదు. ఉన్న కాస్త ఓపికా గుండీలకి పోసేస్తే పగలంతా ఏం మిగులుతుంది అంది. చేతులు తల దాటి పైకి ఎత్తకూడదు. నిలబడి వేసుకోకూడదు. బట్టలు ముందురోజు సాయంత్రమే కుర్చీ మీద పేర్చి ఉంచాలి, మొదట వేసుకునేది పైన ఉండేలాగా. స్కర్టులో నాడా తీసేసి ఎలాస్టిక్ ఎక్కించాలి. మేజోళ్ళు మానెయ్, మడమ దగ్గర మెత్తగా ఉన్న చెప్పులు వేసుకో. ఒకటి వేసుకున్నాక కాసేపు ఆగు. ఆగడం కూడా పనే అంది.

"అక్క వేస్తోందండీ ఇప్పుడు."

"అక్క ఎన్నాళ్ళు వేస్తుంది?"

నచ్చలేదు ఆవిడ. కాదు, ఆవిడ అడిగింది నచ్చలేదు.

జూన్ 12

మధ్యాహ్నం ఒక్కదాన్నే ఉన్నప్పుడు కుర్చీలో కూర్చుని చొక్కా వేసుకుని చూశాను. కుర్చీలో తేలికే. ఊరికే రాస్తున్నాను.

జూన్ 18

నర్సమ్మ ఒక అల్లిక చొక్కా తెచ్చింది. బూడిద రంగు, వదులుగా, మెడ వెడల్పుగా. గుండీలు లేవు, నాడాలు లేవు. పోయినసారి తీసుకెళ్ళిన నా పాత స్కర్టుకి ఎలాస్టిక్ ఎక్కించి తెచ్చింది. "చూపు కోసం కాదమ్మాయ్, ఊపిరి కోసం," అంది. ముందు చేతులు దూర్చి, ఒళ్ళో పెట్టుకుని, తల వంచి అందులోకి దూరిపోవాలట. మనం వంగాలి గానీ చొక్కాని ఎత్తకూడదు.

వంగాను. తల బయటికొచ్చింది. అయిపోయింది.

అంతే. అయిపోయింది. ఇంకేమైనా ఉందేమోనని చూసుకున్నాను.

అద్దంలో చూస్తే ఎవరింట్లోనో తలదాచుకున్నదానిలా ఉన్నాను. మెడ దగ్గర గుండీ లేకపోతే ఇంకా నిద్ర లేవనట్టే ఉంది. కుట్టు సిస్టర్ చూస్తే ఏమనేదో. కానీ పడుకోవాలనిపించలేదు. కిటికీ దగ్గర కూర్చుని, ఎదురింటి మేడ మీద దుప్పట్లు ఆరేస్తున్న ఆవిడని చూశాను. ఆ తర్వాత పుస్తకం తీశాను. ఒక అధ్యాయం మొత్తం చదివాను. మార్చి తర్వాత ఇదే మొదలు.

"చూశావా?" అంది నర్సమ్మ, తన గెలుపులాగా. "అక్కకి చెబుదామా?"

"వద్దండి. నేనే చెబుతాను. ఒకరోజు పొద్దున్న తను లేచేసరికి తయారై కూర్చుని ఆశ్చర్యపరుస్తాను."

ఆదివారం చెబుతాను. ఆదివారమైతే అక్కకి తొందర ఉండదు.

జూన్ 20

అక్క వెళ్ళగానే నీలం చొక్కా విప్పేసి అల్లిక చొక్కా వేసుకున్నాను. విప్పడం కష్టం. వేసుకోవడం కాదు. మెట్లు దిగి కింద ఇంటావిడ గుమ్మం దాకా వెళ్ళి వచ్చాను. ఆవిడ నిద్రపోతోంది, చూడలేదు.

అక్క వచ్చే వేళకి మళ్ళీ నీలం చొక్కా వేసుకుని పడుకున్నాను. గుండీలు సగమే పెట్టాను, దుప్పటి కప్పుకున్నాను.

అల్లిక చొక్కా కింది సొరుగులో, బడినాటి అట్లాసు కింద.

జూన్ 22, ఆదివారం

వాన. అక్క మంచి హుషారుగా ఉంది. దుకాణంలో తనతో పాటు లెన్సులు అరగదీసే పిల్ల, అక్కకన్నా చాలా చిన్నది, ఒక పెద్దమనిషికి ఆడవాళ్ళ ఫ్రేములో అద్దాలు బిగించి పంపించేసిందట. ఆయన రెండు రోజులు పెట్టుకుని తిరిగి, "అందరూ బాగుందంటున్నారు, ఇదే ఉంచుకుంటాను," అన్నాడట. చెబుతూ చెబుతూ అక్క ఒక గుండీ తప్పు కాజాలో పెట్టింది. మళ్ళీ అన్నీ విప్పి మొదటి నుంచి పెట్టింది.

అంత బాగా మాట్లాడుతున్నప్పుడు మధ్యలో ఎలా చెప్పను? వచ్చే ఆదివారం.

జూన్ 24

రెండో గుండీ దగ్గర చెప్పింది. అదేదో ఊరికే చెబుతున్నట్టు.

పెద్దాయన రేవు పట్నంలో ఇంకో దుకాణం తెరుస్తున్నాడట. అక్కడంతా చూసుకోవడానికి అక్కని వెళ్ళమంటున్నాడట.

"అంతా అంటే?"

"అంతా అంటే అంతానే. దుకాణం తాళం నాది. పరీక్ష గది నాది. పైన ఉండటానికి ఒక గది, దానికి సముద్రం వైపు కిటికీ." మూడో గుండీ. "ఇక్కడ ఎన్నేళ్ళున్నా మరలు బిగించేదాన్నే కదే."

అక్క మొహం చూశాను. అమ్మ ఉన్నప్పుడు ఎప్పుడో చూసిన మొహం.

"వెళ్తావా?"

"నీకు గుండీలెవరు పెడతారే?" అని నవ్వింది.

తర్వాత నవ్వకుండా చెప్పింది. కింద ఇంటావిడని అప్పుడే అడిగిందట. వంట చేసి పంపిస్తానందట గానీ, మెట్లు మాత్రం ఎక్కలేనందట. "నా మోకాళ్ళు నా మాట వినవమ్మా, నీ చెల్లెలి మాట ఏం వింటాయి?" అందట. నన్ను కూడా తీసుకెళ్దామంటే అక్కడ ఉన్నది ఒక్క గది, డాక్టరేమో ఇక్కడ, పైగా రోజంతా రైలు ప్రయాణం.

"నీ బట్టలు నువ్వు వేసుకోగలిగితే చాలు, నిశ్చింతగా వెళ్తాను. నెలాఖరు లోపు చెప్పమన్నాడు. చూద్దాం, అప్పటికి నీకు ఓపిక వస్తుందేమో."

మెడ దగ్గరి గుండీ పెట్టి, నా గడ్డం పట్టుకుని ఊపి వెళ్ళిపోయింది.

రేపు చెబుతాను. రేపే చెప్పాలి.

జూన్ 25

చెప్పలేదు. అక్కకి ఆలస్యమైంది.

జూన్ 26

బాగా ఆలోచించాను. తొందరపడి చెప్పేస్తే, అక్క వెళ్ళాక నాకు మళ్ళీ జ్వరం వస్తే? ఉద్యోగం వదులుకుని రావాలి తను. అది ఇంకా అన్యాయం. ఒక వారం పాటు రోజూ వేసుకోగలిగితే అప్పుడు నమ్మకంగా చెప్పొచ్చు. ఇది భయం కాదు. జాగ్రత్త.

నర్సమ్మ వచ్చింది.

"అక్క చూసిందా? ఏమంది?"

"చాలా సంతోషించిందండీ."

ఆవిడ నా భుజం తట్టింది. తాళాలు చప్పుడు చేసుకుంటూ దిగి వెళ్ళిపోయింది. వారం దాకా రాదు.

"నీకెలా ఉంది?" అని అక్క రోజూ అడుగుతోంది. ఉన్నట్టే ఉంది అంటున్నాను. అది అబద్ధమేమీ కాదు.

జూన్ 27

అక్క ఇవాళ చెప్పింది ఉన్నదున్నట్టు రాస్తాను.

ఒక తల్లి కూతుర్ని తీసుకొచ్చిందట. ఏడో ఎనిమిదో ఏళ్ళుంటాయట పిల్లకి. బళ్ళో పక్కన కూర్చునే పిల్లకి కళ్ళజోడు వచ్చింది. దీనికీ కావాలి. అందుకని ఏమీ కనిపించడం లేదని ఏడుపు.

"మరి నీకెలా తెలిసింది దొంగేడుపని?" అన్నాను.

అక్క గుండీ పట్టుకుని ఆగింది. "చాలా తేలిగ్గా తెలుస్తుందే. నిజంగా కనబడనివాళ్ళు ఊరుకోరు. కళ్ళు చికిలిస్తారు, ముందుకి వంగుతారు, ఏదో ఒకటి ఊహించి చెబుతారు, తప్పయితే సిగ్గుపడతారు. నటించేవాళ్ళు అసలు ప్రయత్నించరు. అట్ట చూపించగానే 'కనబడట్లేదు' అనేస్తారు."

"ఏం చేశావు?"

"ఏం చేస్తాను? తిట్టబుద్ధి కాలేదు. అద్దాల్లేని ఫ్రేము ఒకటి పెట్టి, దుకాణంలో కాసేపు తిరగనిచ్చాను. వెళ్ళేటప్పుడు తనే తీసి ఇచ్చేసింది."

బాగా నవ్వాను. అక్క నవ్వలేదు. అలిసిపోయి ఉంటుంది. నా చేతులు ఒళ్ళోనే ఉన్నాయి, అక్క ఒక్కోటీ పెడుతూ వచ్చింది. పైది వదిలేసి, "ఇదొక్కటీ నువ్వు పెట్టుకుని చూస్తావా?" అంది.

చెయ్యి ఎత్తాను. గుండీ పట్టుకున్నాను. వదిలేశాను.

"కావట్లేదే."

"పోనీలే," అని తనే పెట్టింది.

జూన్ 28

ఏమీ లేదు ఇవాళ.

జూన్ 29, ఆదివారం

అక్క అటక మీంచి పెట్టె దించింది. అమ్మ పెట్టె, మూలల్లో ఇత్తడి రేకులున్నది. గుడ్డ పెట్టి తుడిచింది. లోపల పాత కాగితాలుంటే తీసింది. పెట్టె మూత తెరిచి పెట్టి దాని ముందు చాలాసేపు కూర్చుంది.

నేను పుస్తకం పట్టుకుని మంచం మీద ఉన్నాను. ఒకే పేజీ.

"ఏమే," అంది అక్క. గుడ్లగూబా అనలేదు. "నాకేమైనా చెప్పాలా నువ్వు?"

నోటి దాకా వచ్చింది. నిజంగా వచ్చింది. కిటికీలోంచి గాలికి పెట్టె మూత కాస్త ఊగింది. ఆ పెట్టె మెట్లు దిగడం, వీధి మలుపు తిరగడం నాకు కనిపించింది. ఆ తర్వాతి పొద్దున్న కనిపించింది. కుర్చీ, కుర్చీ మీద బట్టలు, నేను. మాట్లాడే మనిషి లేదు.

"ఏమీ లేదే," అన్నాను. "ఎందుకు?"

"ఊరికే."

మూత వేసింది. కుర్చీ ఎక్కి పెట్టె మళ్ళీ అటక మీద పెట్టేసింది. ఇంత బరువు ఎత్తకే, నేను పట్టుకుంటానుండు అని కూడా అనలేదు నేను. అనడానికి లేదు మరి.

జూన్ 30

  అన్నీ రాస్తాను.

పొద్దున్న అక్క గుండీలు పెట్టేటప్పుడు ఏమీ మాట్లాడలేదు. ఒక్క కబురు కూడా లేదు. పెట్టి, "వస్తానే," అని వెళ్ళిపోయింది. తలుపు మూసుకున్నాక ఇల్లు ఎలా ఉంటుందో విన్నాను. అక్క వెళ్ళిపోతే వినాల్సింది ఇదే అనుకుని ఇన్నాళ్ళూ భయపడ్డాను. అక్క ఉండగానే వచ్చేసింది.

నెలాఖరు ఇవాళే. సాయంత్రం దాకా గడువుంది కదా అనుకున్నాను.

నీలం చొక్కా విప్పాను. సొరుగులోంచి అల్లిక చొక్కా తీశాను. చేతులు, తర్వాత తల. ఆగాను. స్కర్టు. ఆగాను. చెప్పులు. మెట్లు ఒక్కొక్కటే దిగాను. కింద ఇంటావిడ గుమ్మంలో కూర్చుని ఉంది.

"అమ్మో అమ్మో! నడిచే వస్తున్నావే! ఎవరేసి పెట్టారమ్మా ఈ బట్టలు?"

"నేనేనండి."

"మరి మీ అక్కేమిటీ, నీకు వేలు కదపడం కూడా రావట్లేదని..." అని, నా మొహం చూసి ఊరుకుంది. ఊరుకోవడం ఆవిడకి అలవాటు లేని పని.

వీధిలో ఎవరూ నా మెడ వైపు చూడలేదు. గుండీలు లేవని ఎవరికీ పట్టలేదు. మందుల దుకాణం అరుగు మీద కూర్చుని ఊపిరి తీసుకున్నాను. మలుపు దగ్గర గోడని ఆనుకుని మరోసారి. నడవగలిగాను. అదే నన్ను తినేస్తోంది, నడవగలిగాను. వారం కిందట కూడా నడవగలిగేదాన్ని.

దుకాణంలో పెద్దాయన గల్లా దగ్గర ఉన్నాడు. నన్ను గుర్తుపట్టి లేచి కుర్చీ వేశాడు.

"రామ్మా, రా. కోలుకున్నావన్నమాట! మీ అక్కేమో నీకు ఇంకా బాగా లేదు, రేవు పట్నం వెళ్ళడం కుదరదు అని పొద్దున్నే వచ్చి చెప్పేసిందే!"

"నాకు బాగానే ఉందండీ. అక్క వెళ్తుంది. అక్కనే పంపించండి."

అంత గట్టిగా నేనెప్పుడూ ఎవరితోనూ మాట్లాడలేదు. పెద్దాయన ఇబ్బందిగా వెనక్కి చూశాడు. వెనక బల్ల దగ్గర లెన్సులు అరగదీసే ఆ చిన్న పిల్ల ఫోనులో వాళ్ళమ్మతో ఏడుస్తూ, నవ్వుతూ మాట్లాడుతోంది. సముద్రం, కిటికీ అన్న మాటలు వినిపించాయి.

"ఆ అమ్మాయికి మాటిచ్చేశానమ్మా," అన్నాడు ఆయన.

అక్క లోపల్నుంచి వచ్చింది. కంటికి పెట్టుకునే భూతద్దం నుదుటి మీదకి నెట్టి ఉంది. నన్ను కాళ్ళ నుంచి పైకి చూసింది. అల్లిక చొక్కా చూసింది. ఆశ్చర్యపోలేదు. నేను ఎన్నిసార్లో ఊహించుకున్న ఆ ఆశ్చర్యం రానే లేదు.

దుకాణం బయట బల్ల మీద కూర్చున్నాం.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?" అన్నాను.

"నువ్వు సాయం చెయ్యడం మానేసినప్పట్నుంచి."

నాకు అర్థం కాలేదు.

"నిజంగా చేతకానప్పుడు నా చేతులకి అడ్డం పడేదానివే. అంచు పట్టుకునేదానివి, గుండీ నెట్టేదానివి, పని రెండింతలు చేసేదానివి. తర్వాత్తర్వాత బొమ్మలా కూర్చునేదానివి. ఓపిక లేనివాళ్ళు అలా కూర్చోరు."

"మరి అడగొచ్చుగా?"

"అడిగాగా. ఆదివారం."

రోడ్డు మీద బస్సు వచ్చింది, ఆగింది, వెళ్ళింది.

"తెలిసీ ఎందుకు కాదన్నావు? వెళ్ళాల్సింది. నాకు చెప్పకుండా వెళ్ళిపోవాల్సింది."

అక్క భూతద్దం తీసి చీర... కాదు, పైన వేసుకున్న కోటు అంచుతో తుడిచింది. ఏం రాస్తున్నానో తెలియట్లేదు. అమ్మ అలా తుడిచేది కొంగుతో, అదే వచ్చేసింది చేతికి. తుడుస్తూ అంది:

"పంపించని ఇంట్లోంచి ఎలా వెళ్తానే?"

కోపంగా అనలేదు. కోపంగా అంటే బాగుండేది.

జూలై 1

బట్టలు నేనే వేసుకుని కుర్చీలో కూర్చున్నాను. అక్క అలవాటు చొప్పున నీలం చొక్కా చేత్తో పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"అయిపోయిందా?"

"అయిపోయింది."

చొక్కా తగిలించేసి, బల్ల దగ్గర కూర్చుంది. దుకాణానికి వేళ కాలేదు. నా గుండీల కోసం ఉంచుకున్న వేళ ఇద్దరికీ మిగిలిపోయింది. ఏం చేసుకోవాలో తెలియలేదు. కాసేపు గోడ చూసింది. ముక్కాలిపీట మంచం కిందకి తోసింది. ఇంకా వేళ కాకుండానే వెళ్ళిపోయింది.

జూలై 3

నర్సమ్మ వచ్చి, ఇక నేను రావక్కర్లేదు, నీ పని నువ్వే చేసుకుంటున్నావు అంది. అక్కతో పండగ చేసుకోమంది.

జూలై 5

గ్రంథాలయానికి రోజుకో పూట వెళ్ళొచ్చు అన్నాడు డాక్టరు. అక్కతో చెప్పాను. "మంచిది," అంది. మంచిగానే అంది.

జూలై 8

పొద్దున్న నేనే కబురు చెప్పబోయాను. చదివిన పుస్తకంలోంచి. అక్క విన్నది. మధ్యలో "ఊఁ" కూడా అన్నది. నాకు కబుర్లు చెప్పడం రాదు.

జూలై 9

నీలం చొక్కా మడతపెట్టి కింది సొరుగులో పెట్టాను.

జూలై 13, ఆదివారం

ఆ చిన్న పిల్ల ఇవాళ రేవు పట్నం వెళ్తోంది. దుకాణంలో వాళ్ళందరూ స్టేషనుకి వెళ్తున్నారు. అక్క కూడా.

అమ్మ పెట్టె వారం కిందటే ఆ పిల్లకి ఇచ్చేసిందట. "దాని దగ్గర మంచి పెట్టె లేదు," అంది. అటక మీద ఖాళీ చోటు నేను చూడనేలేదు.

అక్క తన ఆకుపచ్చ గౌను వేసుకుంది. వెనక మెడ దగ్గర ఒక హుక్కు ఉంటుంది దానికి. చేతులు వెనక్కి పెట్టి తంటాలు పడుతోంది. ఇన్నేళ్ళూ ఆ హుక్కు తనే ఎలా పెట్టుకునేదో. నేను ఒక్కసారీ చూడలేదు. పక్క గదిలో చదువుకుంటూ ఉండేదాన్ని.

"పెట్టనా?" అన్నాను.

 అక్క చేతులు దించేసి, నా వైపు వీపు తిప్పి నిలబడింది.

నేను కుర్చీలో కూర్చునే ఉన్నాను, తను కాస్త వంగింది. మెడ వెనక రెండు తెల్ల వెంట్రుకలు. హుక్కు చాలా చిన్నది. కొక్కెంలో పడటం లేదు. పట్టుకున్నాను, జారింది, మళ్ళీ పట్టుకున్నాను.

"నిన్న ఒకావిడ వచ్చిందే దుకాణానికి," అంది అక్క, గోడ వైపు చూస్తూ. "వాళ్ళాయన కళ్ళజోడు తెచ్చింది. ఆయన లేడట ఇప్పుడు. ఆ అద్దాలు తీసి తనకి పనికొచ్చేవి వెయ్యమంటుంది. ఫ్రేము వదులే ఆవిడకి, ముక్కు మీంచి జారుతోంది. నేనన్నానూ..."

చాలా రోజులైంది ఆ గొంతు విని. నా వేళ్ళు వాటంతటవే ఆగాయి. ఆ హుక్కు దొరకనట్టు ఇంకాస్త వెతికితే చాలు. వేళ్ళు వణుకుతున్నాయని అంటే చాలు, నమ్ముతుంది, లేదా నమ్మినట్టు ఊరుకుంటుంది. ఆవిడకి ఏం చెప్పిందో, ఆవిడ ఏమందో, మొత్తం చెబుతుంది.

కొక్కెంలో హుక్కు పెట్టేశాను.

"అయిపోయిందే," అన్నాను. "వెళ్ళు. రైలుకి ఆలస్యమవుతుంది."

అక్క తిరిగి చూసింది. సంచీ తీసుకుని మెట్లు దిగింది.

'వెళ్ళు' అనడానికి ఎంతో ఓపిక కావాలనుకున్నాను ఆ రోజుల్లో. ఏమీ అక్కర్లేదు. కూర్చుని కూడా అనొచ్చు.